అమావాస్య సెలవు

నా బయోడేటాలో ఒక వాక్యం ఉంది. పదకొండు వాహనాల రవాణా సంస్థలో నిర్వహణ ఖర్చును కంప్యూటర్ సాయంతో గణనీయంగా తగ్గించాను, అని. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఎంతకు తగ్గించావు అని ఏ ఇంటర్వ్యూలోనూ ఎవరూ అడగలేదు కాబట్టి బతికిపోయాను. సున్నాకు తగ్గించాను. బళ్లే లేకుండా పోయాక వాటికి ఖర్చేముంటుంది?

అప్పట్లో సికింద్రాబాద్‌లో కరెంటు స్తంభమంటూ ఉంటే దానికో కంప్యూటర్ కోర్సు బోర్డు వేలాడేది. మా వీధి కిరాణా కొట్టాయన కూడా ఏ కోర్సులో ఉన్నావని అడిగాకే పప్పు తూచేవాడు. నేనూ చేరాను. కోర్సు ముగిసి, సర్టిఫికెట్‌కు లామినేషన్ చేయించుకుని వచ్చేసరికి కంపెనీలు మనుషుల్ని తీసుకోవడం మాని తీసేయడం మొదలుపెట్టాయి. లామినేషన్ మాత్రం చాలా బాగా వచ్చింది.

మా నాన్న రైల్వేలో పని చేసేవారు. విజయనగరం వైపు నుంచి వచ్చి మెట్టుగూడ క్వార్టర్లలో కాపురం పెట్టారు. ఆగిన వ్యాగన్ల పక్కన సుత్తి పట్టుకుని నడుస్తూ, చక్రాలను కొట్టి, మోతను బట్టి పగులుందో లేదో తేల్చడం ఆయన ఉద్యోగం. ఇంట్లోనూ ఆ అలవాటు పోలేదు. బిందె, పుచ్చకాయ, పక్కింటివాళ్లు అరువిచ్చిన కుర్చీ, దేన్నయినా వేలితో ఒకసారి కొట్టి చూసేవారు. నా నెత్తి మీద కొట్టినప్పుడు వచ్చే మోత గురించి ఆయనకు మొదటి నుంచీ అనుమానమే.

గూడ్స్ షెడ్డు దగ్గర పరిచయమైన ఒక లారీల యజమానికి నా సంగతి చెప్పింది కూడా ఆయనే. ఆ యజమానిని అందరూ సేటు అనేవారు. ఆఫీసు రెజిమెంటల్ బజార్‌లో, గిన్నెల కొట్టు పైన. మెట్లెక్కుతుంటే కింద ఇత్తడి చెంబులు మోగేవి. నేను వెళ్లేసరికి సేటు టీ సాసర్‌లో పోసుకుని ఊదుకుంటున్నాడు.

"కంప్యూటర్ వస్తదా?"

"వస్తుంది సార్."

"లారీల గురించి ఏమన్న ఎరుకేనా?"

"వెనకాల హారన్ కొట్టమని రాసి ఉంటుంది సార్."

ఆయన నవ్వలేదు. ఇలాంటివాణ్ణి తక్కువ జీతానికి పెట్టుకోవచ్చని మాత్రం అర్థమైనట్టుంది. సాసర్ కింద పెట్టి విషయం చెప్పాడు. తొమ్మిది లారీలు, రెండు ట్రైలర్లు. డీజిల్ మన చేతిలో లేదు. టోలు మన చేతిలో లేదు. రిపేర్లూ టైర్లూ మాత్రం మన చేతిలోనే ఉన్నాయి, అయినా ఆగడం లేదు.

"ఉగాది దాక చూస్త. అప్పటికి ఖర్చు దిగకపోతే బండ్లు అమ్మేస్త, యార్డు బిల్డర్‌కు ఇచ్చేస్త. ఐతారం ఐతారం కార్ల వచ్చి టేపు పట్టి కొలుస్తున్నడు ఆయన. సాఫ్ట్‌వేర్ పిల్లలకు ఫ్లాట్లు చాలుతలేవంట."

నేను కూడా సాఫ్ట్‌వేర్ పిల్లవాణ్ణే అని చెప్పబోయి ఊరుకున్నాను. అప్పటికి నాకు ఫ్లాట్ అవసరం అంతగా లేదు.

యార్డు మెట్టుగూడ అవతల, రైలు పట్టాలను ఆనుకుని ఉండేది. ఒక మూల రేకుల గది. అందులో ఉస్తాద్, ఆయన భార్య ఉండేవారు. ఉస్తాద్ అంటే ఆ పదకొండు బళ్లకూ పెద్ద మెకానిక్. సేటు తండ్రి కాలంలో వచ్చి, ఇరవై ఆరేళ్లుగా అక్కడే ఉన్నాడు. ఆయన భార్యను డ్రైవర్లందరూ అక్కా అనేవారు. యార్డు పోతే సేటుకు డబ్బొస్తుంది, బిల్డర్‌కు స్థలమొస్తుంది, డ్రైవర్లు ఇంకో స్టీరింగు వెతుక్కుంటారు. ఉస్తాద్‌కు మాత్రం పనీ ఇల్లూ ఒకే తాళంచెవితో పోతాయి. కాబట్టి నేను కాపాడాల్సింది ఆయన్నే. నేను చేరిన రోజే ఆ సంగతి ఆయనకూ తెలిసింది. నన్ను కింది నుంచి పైదాకా చూసి, "సేటు నిన్ను తోలిండా?" అన్నాడు.

"అవును ఉస్తాద్."

"ఇగ అయిపోయింది," అని గ్రీజు గన్ను అందుకుని బండి కిందికి దూరిపోయాడు. ఆ మాట వెటకారమనుకున్నాను. జోస్యమని తర్వాత తెలిసింది.

బండి యార్డులోకి రాగానే ఆయన డ్రైవర్‌ను పలకరించడు. గొంతుక్కూర్చుని హబ్బు మీద, అంటే చక్రం మధ్యలో బేరింగులుండే డొప్ప మీద, చేతి వెనక భాగం ఆనిస్తాడు. చెయ్యి నిలిస్తే సరే. చురుక్కుమంటే ఆ బండి ఆ రోజుకు కదలదు. జ్వరం చూసే డాక్టరులా ఉన్నావు ఉస్తాద్ అన్నాను ఒకసారి.

"డాక్టర్‌కు పేషెంట్ నోటితోని చెప్తడు తమ్మీ. దీనికి నోరేది?"

ఇదేదో గొప్ప మాటలా ఉందే, రాసిపెట్టుకుందామని జేబులో పెన్ను వెతుక్కుంటుండగానే, "గట్ల నిలబడకు, జెర ఆ పానా ఇటియ్యి," అన్నాడు.

నేను చేరిన కొద్ది రోజులకే దీపావళి అమావాస్య వచ్చింది. లారీ డ్రైవర్లు అమావాస్యనాడు బండి కదిలించరని వినడమే గాని చూడలేదు. ముందు రోజు పొద్దుగూకేలోపు పదకొండు బళ్లూ ఎక్కడున్నా యార్డుకు చేరాయి. ఆ రోజు లోడు ఇస్తామని ఎవరైనా ఫోను చేస్తే, బూతు విన్నట్టు ముఖం పెట్టేవారు డ్రైవర్లు. తెల్లారగానే పైపులతో బళ్లు కడిగారు. ప్రతి డ్రైవరూ కిరసనాయిలు గుడ్డ పట్టుకుని తన బండి చక్రాలన్నీ ఒక్కొక్కటిగా తుడిచాడు. మడ్డి ఉంటే పసుపు అంటుకోదట. అక్క ఒక పళ్లెంలో పసుపు కలిపి, ఇంకో పళ్లెంలో కుంకుమ పోసి తెచ్చింది. హబ్బుకు పసుపు పూసి, మధ్యలో బొట్టు. లారీకి ఆరు చోట్ల, ట్రైలర్‌కు అంతకు రెట్టింపు. ఈలోగా ఉస్తాద్ బండి కింద పడుకుని గ్రీజు కొడుతూనే ఉన్నాడు. తర్వాత ముందు చక్రాల కింద నిమ్మకాయలు, గేటు దగ్గర గుమ్మడికాయ. చివర్లో అక్క వండిన అన్నం, వంకాయ కూర, చెట్టు కింద పంక్తి.

నేను ఒక పక్కన కూర్చుని వంకాయ కూర తింటూ లెక్క వేసుకున్నాను. పదకొండు బళ్లు, ఏడాదికి పన్నెండు అమావాస్యలు. నూట ముప్పై రెండు బండి రోజులు. మబ్బు పట్టిందని కాదు, సమ్మె వచ్చిందని కాదు, చంద్రుడు కనపడలేదని నూట ముప్పై రెండు రోజులు ఖాళీగా నిలబడుతున్నాయి. కూర చాలా బాగుంది. ఇంకోసారి వేయించుకున్నాను కూడా.

మర్నాడు ఆ అంకెను రంగుల గ్రాఫుగా గీసి సేటు ముందు పెట్టాను. ఎర్రటి పట్టీ పన్నెండు చోట్ల పొడుచుకు వచ్చింది. దానికి బదులుగా నేను చెప్పింది పుస్తకాల్లో ఉన్న పద్ధతే. ఏ బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కంప్యూటర్‌లో ఎక్కిద్దాం. ఇన్ని కిలోమీటర్లకు గ్రీజు, ఇన్నింటికి ఆయిల్ ఫిల్టర్, ఇన్నింటికి టైర్ల మార్పిడి, ఇన్నింటికి హబ్బు విప్పి బేరింగు చూడటం. టైముకు కంప్యూటరే చీటీ ఇస్తుంది. చంద్రుడితో పని లేదు.

సేటు గ్రాఫును దగ్గరగా, దూరంగా, పక్కకు తిప్పి చూశాడు. "గిదే గద నాకు కావల్సింది," అన్నాడు. నా జీవితంలో నేను చేసిన పని చూసి ఎవరైనా ఆ మాట అనడం అదే మొదలు. ఇప్పటికైతే అదే చివర కూడా.

యార్డులో సంగతి చెబితే గోలగోల అయింది. ఉస్తాద్ వాదన ఒకటే.

"అమాసకు బండి తీస్తె దిష్టి తగుల్తది."

"ఉస్తాద్, ఈ లారీ ముఖం చూడు. ఒక లైటు లేదు, బంపరు వంకర. దీనికి దిష్టి పెట్టేవాడు ఎక్కడున్నాడో చెప్పు, వాడికే బొట్టు పెడదాం."

అందరూ పగలబడి నవ్వారు. ఉస్తాద్ కూడా నవ్వాడు. ఒక జోకుతో ఇరవై ఆరేళ్ల అలవాటును కొట్టిపారేశానని ఆ సాయంత్రం చిలకలగూడలో స్నేహితులకు ఇరానీ చాయ్ తాగించాను. ఉస్తాద్ గట్టిగా ఎదురు చెప్పగలిగితే చెప్పి ఉండేవాడు. కానీ ఆయన దగ్గర దిష్టి తప్ప ఇంకో కారణం లేదు. దాచుకుని చెప్పకపోవడం కాదు, నిజంగానే లేదు.

పని మొదలుపెట్టాక తెలిసింది, పదకొండు బళ్లలో మీటర్లు తిరిగేవి మూడే. మిగతావాటి ముళ్లు ఎప్పుడో ఎక్కడో అలిసిపోయి కూర్చున్నాయి. ఒకటి సరిగ్గా నలభై మీద ఆగింది. ఆ బండి యార్డులో నిలబడి ఉన్నా గంటకు నలభై పోతున్నట్టే. నేను తగ్గలేదు. ఊరికీ ఊరికీ మధ్య దూరాలు పట్టుకుని, ట్రిప్పుల చీటీలతో గుణించి, కిలోమీటర్లు నేనే తయారు చేశాను. ఇప్పటికీ ఆ లెక్క తప్పని అనను. చీటీలు టైముకే వచ్చేవి.

టైముకు రానివి బళ్లు. అమావాస్య సెలవు పోయాక పదకొండూ ఒకేసారి యార్డులో నిలబడే రోజంటూ లేకుండా పోయింది. డ్రైవర్‌కు ట్రిప్పు లెక్కన డబ్బు. విశాఖలో దించినవాడు అక్కడే ఇంకో లోడు ఎత్తుకుని నాగపూర్ పోయేవాడు. నా చీటీ వచ్చేసరికి బండి ఏ పొలిమేరలో ఉందో దేవుడికి, టీ కొట్టువాడికి తెలియాలి. అందుకని చీటీలు డ్రైవర్ల చేతికే ఇవ్వడం మొదలుపెట్టాం. దారిలో ఎక్కడైనా గ్రీజు కొట్టించి టిక్కు పెట్టుకురమ్మని. వాళ్లు చాలా నిజాయితీగా టిక్కులు పెట్టుకొచ్చారు. గ్రీజు కొట్టాలంటే బండి ఆగాలి. టిక్కు కొట్టాలంటే పెన్నుంటే చాలు.

ఇంకో చిన్న సంగతి. ప్రతి పనికీ ఎదురుగా 'బాధ్యుడు' అని ఒక గడి పెట్టాను. మొదటి వరుసలో ఉస్తాద్ పేరు కొట్టి, మౌసు పట్టుకుని కిందికి లాగాను. మూడు వందల వరుసల దాకా ఆయన పేరే పడింది. పని తేలికైందని సంతోషించాను.

మొదటి మూడు నెలలు ఖర్చు నిజంగానే తగ్గింది. గ్రీజు డబ్బాలు కొనే పని లేదు. ఆయిల్ సీళ్లు, బేరింగులు, బోల్టులు ఎవరూ అడగడం లేదు. నిమ్మకాయల ఖర్చు కూడా కలిసొచ్చింది. సేటు నాకు పావుకిలో కలాకండ్ పెట్టె ఇచ్చి, ఆఫీసుకు వచ్చినవాళ్లందరికీ గ్రాఫు చూపించేవాడు. మూడో నెల చివర్లో ఒక ఆదివారం బిల్డర్ వస్తే, "ఇప్పుడప్పుడే కాదు," అన్నాడట. ఆ మాట చెప్పడానికి నేను యార్డుకు పరిగెత్తుకుంటూ వెళ్లాను. నా ముఖాన ఏదో గొప్పపని చేసినవాడి కళ ఉండి ఉంటుంది.

ఉస్తాద్ ఒక పాత టైరు మీద కూర్చుని ఉన్నాడు. చేతులు శుభ్రంగా ఉన్నాయి. ఆయన చేతులు అలా చూడటం అదే మొదలు. ఎవరివో అన్నట్టు ఒళ్లో పెట్టుకున్నాడు.

"యార్డు ఉంటుంది ఉస్తాద్. బిల్డర్‌ను పొమ్మన్నాడు సేటు."

"మంచిగనే ఉంది తమ్మీ. గని బండ్లు రాకపాయె. యార్డు ఏం చేసుకోను?"

"తిరుగుతున్నాయి కదా ఉస్తాద్. తిరిగితేనే కదా డబ్బు."

"తిరగనీ, ఎవరొద్దన్నరు? పోయేటప్పుడు జెర మొకం చూపిచ్చి పొమ్మను. మూడ్నెల్లాయె, ఆ పెద్ద ట్రైలర్‌ను చూసి."

నేను ఫైలు తెరిచి పెద్ద ట్రైలర్ కాగితం చూపించాను. అన్నీ టిక్కులే. ఆయన ఆ కాగితాన్ని పట్టుకుని, వెనక్కి తిప్పి చూశాడు. వెనక ఏమీ లేదు.

ఇంట్లో కూడా నా ప్రతాపం చెప్పుకున్నాను. నాన్న అన్నం కలుపుతూ విన్నారు.

"మరి మీ బళ్లు ఎప్పుడాగుతాయిరా?"

"ఆగకపోవడమే కదా నాన్నా గొప్ప."

"ఆగకపోతే ఎవుడు సూత్తాడ్రా సక్రాలు? మా బండయితే కాజీపేటొత్తే ఆగిపోద్ది, ఇష్టమున్నా లేకపోయినా. మేం సుత్తట్టుకెల్తాం."

"మాది కంప్యూటర్ చూస్తుంది."

నాన్న నావైపు చూసి, ఎడమ చేతి వేలితో నా నెత్తి మీద ఒకసారి కొట్టారు. చెవి నెత్తికి దగ్గరగా పెట్టి విన్నారు. "పగులుందే," అని అమ్మతో చెప్పి, మజ్జిగ వేయించుకున్నారు. మేమందరం నవ్వాం. మా ఇంట్లో హెచ్చరికలన్నీ ఇలా నవ్వుల్లోనే పోతాయి. ఈ సంగతిలో నేను నాన్నను తప్పు పట్టను.

తర్వాతి నెల చిన్నచిన్నవి మొదలయ్యాయి. ఒక లారీకి బరువు మోసే కమాను పట్టీ విరిగింది. ఇంకోదానికి ఇంజను నుంచి వెనక ఇరుసుకు పోయే పెద్ద షాఫ్టు ఊడి రోడ్డు మీద పడింది. టైర్లు ఒక పక్కనే అరిగిపోయి, చెప్పు తెగినవాడి నడకలా వంకరగా వచ్చాయి. ఇవన్నీ నా పట్టికలో ఏ గడిలోనూ ఇమడలేదు. అందుకని 'ఇతరములు' అని ఒకటి పెట్టాను. రెండు వారాల్లో ఆ గడే అన్నిటికన్నా పెద్దదైంది. గ్రాఫు గీసేటప్పుడు ఇతరములు కలపలేదు. అందం పోతుందని.

మాఘమాసం, పెళ్లిళ్ల రోజులు. పెద్ద ట్రైలర్ మీద ఒక ట్రాన్స్‌ఫార్మర్ వేసి పంపాం. మా సంస్థ నిలబడిందే ఆ ట్రాన్స్‌ఫార్మర్ల కంపెనీ లోడుల మీద. మధ్యాహ్నం ఫోను మోగింది. ట్రైలర్ డ్రైవర్, ఎస్టీడీ బూతు నుంచి.

"సార్, చక్రం పోయింది."

"పంక్చరా?"

"పంక్చర్ కాదు సార్. చక్రమే పోయింది. కనబడ్తలేదు."

"కనబడకపోవడమేంటి?"

"ఎన్క నుంచి ఊడి నన్నే దాటిపోయింది సార్. నా పక్కనుంచే పోయింది, జూసిన. జొన్న చేన్ల పడ్డది. ఊరోళ్లు దేవులాడుతున్నరు."

"మరి బండి?"

లైను గరగరలాడింది. "బండి సుత చేన్లనే ఉంది సార్. ఒరిగింది. నాకు భుజం లేస్తలేదు. ఫోను ఇంకొకాయన పట్టిండు."

ఎవరూ చచ్చిపోలేదు. డ్రైవర్‌కు భుజం ఎముక విరిగింది. ట్రాన్స్‌ఫార్మర్ బోర్లా పడి దాని నూనె అంతా చేనులోకి పోయింది. గ్రీజు లేని బేరింగు ఎండిపోయి, కాలి, ముక్కలై, హబ్బుతో సహా చక్రాన్ని వదిలేసిందని తర్వాత తేలింది. ఆ ఊళ్లో అందరూ అమావాస్యకు బయల్దేరి ఉంటారని అన్నారట. నేను క్యాలెండర్ చూశాను. అమావాస్యకు ఇంకా పది రోజులుంది. ఆ రోజు దివ్యమైన ముహూర్తం. మా వీధిలోనే రెండు పెళ్లిళ్లు జరిగాయి.

కంపెనీవాళ్లు వారం తిరక్కుండా తమ లోడులన్నీ వేరేవాళ్లకు ఇచ్చేశారు. సేటు ఉస్తాద్‌ను రెజిమెంటల్ బజార్ ఆఫీసుకు పిలిపించాడు. ఉస్తాద్ ఆ మెట్లెక్కడం నేను ఎప్పుడూ చూడలేదు. చెప్పులు కిందే విడిచి వచ్చాడు. సేటు పెద్ద ట్రైలర్ కాగితం ఆయన ముందుకు తోశాడు.

"హబ్బు విప్పి గ్రీజు పెట్టినట్టుంది. పేరు నీదే ఉంది. పెట్టినవా?"

ఉస్తాద్‌కు ఇంగ్లీషు రాదు. కాగితాన్ని నావైపు తిప్పాడు. "నేను పెట్టిన్నని రాసి ఉందా తమ్మీ?"

"ఉంది ఉస్తాద్."

"ఎవరు రాసిండ్రు?"

ఇలాంటి చోట్ల నాకు జోకు దానంతటదే వస్తుంది. ఆ రోజు కూడా వచ్చింది. "మౌసు రాసింది," అన్నాను. ఎవరూ నవ్వలేదు. అప్పుడు చెప్పాను. పేరు నేనే కొట్టాననీ, కిందికి లాగాననీ, ఆ బండిని ఉస్తాద్ చూసి నాలుగు నెలలైందనీ, టిక్కులు ఎవరు పెట్టారో వాటిని పెట్టినవాళ్లకే గుర్తుండదనీ. మొత్తం ఒప్పేసుకున్నాను. సేటు లేచి చెంప మీద కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది.

సేటు టీ సాసర్‌లో పోసుకున్నాడు. "ఎవరు చేస్తె ఏంది ఇప్పుడు," అన్నాడు. "లోడులు పోయినయి. బిల్డర్‌కు ఫోన్ చేసిన. ఉగాదికి ఖాళీ చెయ్యాలె."

నా పశ్చాత్తాపం విలువ అంతే. ఒక సాసర్ చాయ్ చల్లారేంత సేపు.

ఉస్తాద్ కిందికి దిగి చెప్పులు వేసుకుంటుంటే నేను వెనకే వెళ్లాను. తిట్టమని అడిగినట్టే నిలబడ్డాను. ఆయన ఇత్తడి గిన్నెల కొట్టువైపు చూస్తూ, "అక్కకు నువ్వే చెప్పు," అన్నాడు. "నాతోని కాదు."

చెప్పాను. ఆమె బియ్యం ఏరుతోంది. విని, "ఉగాది అంటే ఇంకెన్ని రోజులు?" అంది. ఇరవై రెండు, అన్నాను. నేను లెక్కల్లో మంచివాణ్ణి. ఆమె మళ్లీ బియ్యం ఏరుకుంది.

ఉగాది ముందు రోజు కొత్త అమావాస్య. ఏడు బళ్లు కొనడానికి పాతబళ్ల వ్యాపారి, మిగిలిన నాలుగింటిని తుక్కు కింద కొనడానికి ఇంకొకాయన ఆ సాయంత్రం వస్తామన్నారు. ముందు రోజే బళ్లన్నీ యార్డుకు చేరాయి. విరిగిన ట్రైలర్‌ను కూడా ఈడ్చుకొచ్చారు. దీపావళి తర్వాత పదకొండూ ఒక్కచోట నిలబడటం అదే మొదటిసారి. సెలవును నేను రద్దు చేసిన మాట నిజమే గాని, ఆ రోజు దాన్ని గుర్తు చేసే ధైర్యం నాకు లేకపోయింది.

నేను పొద్దున్నే వెళ్లేసరికి ఉస్తాద్ పైపు పట్టుకుని బళ్లు కడుగుతున్నాడు. డ్రైవర్లు ఎవరూ లేరు, వేరే యజమానుల దగ్గర పనులు చూసుకోవడానికి పోయారు. ట్రైలర్ డ్రైవర్ ఒక్కడే భుజానికి కట్టుతో వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. అక్క పసుపు కలిపింది. సామానంతా మూటలు కట్టేయడంతో పళ్లెం దొరక్క, పెయింటు డబ్బా మూతలో కలిపింది.

"ఇప్పుడెందుకు ఉస్తాద్? అమ్మేస్తున్నాం కదా."

"అమాస గద," అన్నాడు.

నాకు కిరసనాయిలు గుడ్డ ఇచ్చాడు. నేను మొదటి లారీ ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని తుడిచాను. మడ్డి కింద నుంచి హబ్బు బయటపడింది. దాని చుట్టూ నూనె కారిన చారలు. గ్రీజు కారకుండా ఆపే సీలు పోయింది. రెండో చక్రానికి రెండు నట్లు లేవు. మూడోదాని దగ్గర కమాను పట్టీలో వెంట్రుకంత పగులు. బొట్టు పెట్టాలంటే తుడవాలి. తుడవాలంటే కూర్చోవాలి. కూర్చుంటే కళ్లు సరిగ్గా పగులుకు ఎదురుగా ఉంటాయి. పన్నెండు అమావాస్యలు, పదకొండు బళ్లు, ఒక్క చక్రం కూడా వదలకుండా. నేను గ్రాఫులో ఎర్రగా గీసి తీసిపారేసింది దీన్ని.

"ఉస్తాద్," అన్నాను, "అమావాస్య సెలవు ఇందుకేనా?"

"ఎందుకు?"

"ఇట్లా చక్రాలన్నీ చూసుకోవడానికి."

ఆయన విచిత్రంగా చూశాడు. "కాదు తమ్మీ. దిష్టి పోవుడుకు. చూసుడేంది, కండ్లున్నంక కనబడ్తది గద."

గట్టు మీది నుంచి ట్రైలర్ డ్రైవర్ అన్నాడు, "సార్, ఇప్పుడు చీటీ రాస్తరా ఏంది?"

చీటీ రాయలేదు. సాయంత్రం దాకా తుడిచాను. నేను తుడిచిన చోటల్లా ఉస్తాద్ గ్రీజు కొట్టాడు. తుక్కుకు పోయే నాలుగింటికి కూడా కొట్టాడు. ఐదు నెలలుగా ముట్టుకోని డబ్బాలన్నీ ఆ రోజే అయిపోయాయి. ఆయన చేతులు మళ్లీ నల్లగా అయ్యాయి. అక్క చక్రచక్రానికీ బొట్టు పెట్టింది. విరిగిన ట్రైలర్ దగ్గర, చక్రం ఉండాల్సిన ఖాళీలో ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు ఆగి, ఇరుసు కొసకు పెట్టింది.

తుక్కు వ్యాపారి సేటుతో కలిసి వచ్చి, నాలుగింటి చుట్టూ తిరిగి, కిందికి వంగి చూశాడు. వేలితో ఒక చోట ముట్టుకుని, వాసన చూసి ముఖం చిట్లించాడు.

"ఏంది సేట్ ఇది? గిట్ల గ్రీజు దట్టిచ్చిండ్రు? గ్యాస్ కట్టర్ పెడితే భగ్గుమంటది. మా పోరలు కోయరు. తుడిపియ్యుండ్రి, లేకుంటె తక్లీఫ్ అయితది."

సేటు ఉస్తాద్ వైపు చూశాడు. ఉస్తాద్ రేకుల గదిలోకి వెళ్లి, కట్టిన మూటల్లో ఒకటి విప్పి, పాత బనియన్లు రెండు తెచ్చాడు. ఒకటి నాకు విసిరాడు.

ఆయన ఆ వైపు నుంచి, నేను ఈ వైపు నుంచి తుడుచుకుంటూ వచ్చాం. గ్రీజుతో పాటు బొట్లూ పోయాయి.